ఆసు పోసే చేతికి 44 ఫ్రేములు: ఒక ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కేస్ స్టడీ

నేను 12 ఏళ్లుగా హైదరాబాద్‌లో మోషన్ గ్రాఫిక్స్, అంటే కంప్యూటర్‌లో బొమ్మలనూ అక్షరాలనూ కదిలించే పని చేస్తున్నాను. పుట్టి పెరిగింది నల్గొండలో. రెండేళ్ల నుంచి ఒక యూనివర్సిటీలో యానిమేషన్, వీఎఫ్ఎక్స్ చదివే ఫైనల్ ఇయర్ పిల్లలకు బయటి గైడుగా ఉంటున్నాను. ఇది వాళ్లలో ఒక అమ్మాయి చేసిన ప్రాజెక్టు గురించి. ఆమెను అడిగే రాస్తున్నాను. పేరు వద్దంది, ఊరు పుట్టపాక చుట్టుపక్కల అంటే చాలంది. 2016లో జిల్లాలు విడగొట్టాక ఆ ఊళ్లు యాదాద్రి భువనగిరి కిందికి వెళ్లాయి గానీ, వాళ్లింట్లో ఇప్పటికీ మాది నల్గొండే అంటారు.

వాళ్లది మగ్గం ఇల్లు. నాయిన చిటికి కడతాడు, అంటే రంగు అంటకూడని చోట పోగుల కట్టను బిగించి కడతాడు, నేస్తాడు కూడా. అమ్మ ఆసు పోస్తుంది, అంటే నేతకు ముందు మేకుల చుట్టూ నూలు పోగు తిప్పుతుంది. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, ఇంజనీరింగ్ వదిలేసి ఈ కోర్సులో చేరింది, దాని మీద ఇంట్లో ఏడాది పాటు మాటలు పడింది. మొదటి రెండేళ్లు డ్రాయింగ్, ఫొటోగ్రఫీ, తర్వాత ఏడాది సాఫ్ట్‌వేర్లు, చివరి ఏడాది సొంత సినిమా. ఆమె ఎంచుకున్న విషయం, నూలు పోగు చీర ఎలా అవుతుంది అన్నది. 90 సెకన్లు, సెకనుకు 25 ఫ్రేములు (ఒక్కో ఫ్రేము ఒక నిలిచిన బొమ్మ), అంటే 2250 ఫ్రేములు. విషయం బాగుంది అన్నాను, ఎందుకంటే అది ఆమె ఇంట్లోనే ఉంది.

మొదటి వెర్షన్

డిసెంబర్‌లో తెచ్చి చూపించింది. చూడటానికి నీట్‌గా ఉంది. చదునైన రంగులు, గుండ్రటి అంచులు, బొమ్మలు ఎగిరివచ్చి కూర్చోవడం, తెల్లటి చీర మీద డిజైను ఎడమ నుంచి కుడికి మాస్కుతో, తెర తొలగినట్టు, పరుచుకోవడం. ఆసు పోసే ఆడమనిషి బొమ్మ ఉంది, చెయ్యి ముందుకూ వెనక్కూ ఊగుతోంది. టెంప్లేట్లు చూసి చూసి చేసిన పని అని తెలుస్తూనే ఉంది, అయినా పనితనం ఉంది, మార్కులు కూడా వచ్చేవేమో.

నేను తప్పులు చెప్పలేదు. "ఇంట్లో చూపించావా?" అని అడిగాను. లేదు సార్ అంది. అయితే ముందు అక్కడ చూపించు, వాళ్లేమన్నారో రాసుకుని రా అన్నాను. సంక్రాంతికి వెళ్లి ఫోన్‌లో చూపించింది. రెండు మాటలు రాసుకుని వచ్చింది.

అమ్మ: "ఇది నా చెయ్యి గాదు బిడ్డా, ఫ్యాను రెక్క లెక్కుంది."

నాయిన: "మనం బట్టకు రంగేస్తమా? పోగుకేస్తం గదా. నువ్వు అద్దకం చీర జేసినవ్."

ఈ రెండు మాటలనూ కాగితం మీద రాయించి ఆమె టేబుల్ ముందు గోడకు అంటించమన్నాను. తర్వాతి నాలుగు నెలల పని అంతా ఈ రెండింటికి జవాబే. కోర్సులో మనం పిల్లలకు ఏ బటన్ ఎక్కడుందో నేర్పుతాం, కదలికను చూడటం మాత్రం సరిగ్గా నేర్పడం లేదు, ఇది నా గట్టి నమ్మకం, ఈ కేసు ఆ నమ్మకాన్ని ఇంకా గట్టి చేసింది.

చెయ్యి

ఆసు తెలియనివాళ్ల కోసం: అదొక చెక్క సాధనం. ఒక కొసన ఒకే మేకు. ఎదురుగా అర్ధచంద్రంలో వరసగా మేకులు. నూలు పోగును ఆ ఒంటి మేకు నుంచి అర్ధచంద్రంలో ఒక మేకుకు తీసుకెళ్లి, చుట్టి, వెనక్కి తెచ్చి, మళ్లీ పక్క మేకుకు తీసుకెళ్లాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9000 సార్లు అలా పోయి రావాలని లెక్క చెబుతారు. ఈ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే చేస్తారు, భుజం నొప్పి లేని మనిషి మా వైపు నేత ఇళ్లలో అరుదు.

ఆమె మొదట చేసిన చెయ్యిలో రెండే కీఫ్రేములు (కదలిక మొదలు, చివర స్థానాలు), రెండిటికీ ఎఫ్9. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్9 కొడితే ఈజీ ఈజ్ వస్తుంది, రెండు వైపులా 33 శాతం చొప్పున ఒకేలా నెమ్మదిస్తుంది. పోవడం ఎంతసేపో రావడమూ అంతసేపే, ఆగడం అంటూ లేదు. అమ్మ ఫ్యాను రెక్క అన్నది దీన్నే. అమ్మకు ఈజింగ్ (కదలిక మొదట్లో, చివర్లో వేగం మారడం) అనే మాట తెలియదు, తన చెయ్యి తెలుసు.

కాబట్టి వీడియో తీసి కొలవమన్నాను. ట్రైపాడ్ లేదు, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పక్క నుంచి తీసింది. ఫ్రేములు లెక్కపెట్టింది, ఒక చుట్టుకు 52 వచ్చాయి, ఆ 52నే 25 ఫ్రేముల కంప్‌లో (సాఫ్ట్‌వేర్‌లో సినిమా కూర్చే చోట) పెట్టేసింది. చెయ్యి నీళ్లలో కదులుతున్నట్టు వచ్చింది. ఫోన్ వీడియో సెకనుకు 30 ఫ్రేములది, పైగా ఫోన్లలో ఆ వేగం కూడా స్థిరంగా ఉండదు, వెలుతురు తగ్గితే తగ్గుతుంది. ఫ్రేములు కాదు, సెకన్లు లెక్కపెట్టాలి. మళ్లీ కొలిస్తే 40 చుట్లకు 70 సెకన్లు. ఒక చుట్టుకు 1.75 సెకన్లు, 25 ఫ్రేముల లెక్కలో 44.

ఈ అంకెను నేను ఇంకో దారిలో సరిచూశాను. 1.75 సెకన్లను 9000తో గుణిస్తే 15,750 సెకన్లు, అంటే నాలుగు గంటల 22 నిమిషాలు. చీరకు నాలుగైదు గంటలు పడుతుందని ఊళ్లో అందరూ చెప్పే మాటకు సరిగ్గా సరిపోయింది. లెక్క కలిసినప్పుడు ఆ పిల్ల ముఖం చూడాల్సింది. అప్పటిదాకా అమ్మ పని ఆమెకు రోజూ కనిపించేదే, ఆ రోజు మొదటిసారి అంకెలో కనిపించింది.

ఇక 44ను విడగొట్టాం. పోవడానికి 15 ఫ్రేములు, మేకు దగ్గర 5, రావడానికి 18, ఒంటి మేకు దగ్గర 6. పోయేటప్పుడు వేగం, వచ్చేటప్పుడు కొంచెం నిదానం. ఇంకా దగ్గరగా చూస్తే చెయ్యి ఒకే ముక్కగా కదలడం లేదు. ముందు భుజం లేస్తుంది, రెండు ఫ్రేముల తర్వాత మోచెయ్యి, ఇంకో రెండు ఫ్రేముల తర్వాత మణికట్టు. మేకు దగ్గర మణికట్టు కిందికి వాలుతుంది, చూపుడు వేలు మేకును చుట్టి వస్తుంది, ఆ ఐదు ఫ్రేములలో మూడో ఫ్రేము దగ్గర పోగు ఒక్క క్షణం వదులై మళ్లీ బిగుస్తుంది. ఈ పోగు వదులవ్వడం ఆమె కనిపెట్టిందే, నాకు తట్టలేదు. అది పెట్టగానే బొమ్మ పని చేస్తున్నట్టు అనిపించింది, అప్పటిదాకా పని చేస్తున్నట్టు నటించింది.

తర్వాత లూప్ సమస్య. ఒక చుట్టు చేసి లూప్‌అవుట్ ఎక్స్‌ప్రెషన్ (అదే కదలికను మళ్లీ మళ్లీ తిప్పే చిన్న కోడ్) పెడితే అయిపోతుంది కదా అని పెట్టింది. మూడో చుట్టుకే యంత్రంలా కనిపించింది. మళ్లీ వీడియోకు వెళ్లాం. పని మొదలుపెట్టిన గంట తర్వాత తీసిన రెండో వీడియో ఉంది. అందులో 40 చుట్లకు 78 సెకన్లు, అంటే చుట్టుకు 49 ఫ్రేములు. అలుపు ఐదు ఫ్రేములు! అందుకని ఐదు వేర్వేరు చుట్లు యానిమేట్ చేసి, మొదటి భాగంలో 44వీ, చివరి భాగంలో 49వీ కలిపి వాడింది. చూసేవాళ్లకు ఎందుకో తెలియదు, కానీ ఆ మనిషి అలసిందని తెలుస్తుంది.

లూప్‌ను పూర్తిగా తీసేయలేదు, దానికి సరైన చోటు వేరే ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే బాధ చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం చేశారు, దానికి తల్లి పేరు మీద లక్ష్మి ఆసు యంత్రమని పేరు పెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. దానితో చీరకు గంటన్నర చాలు. సినిమాలో తెరను రెండుగా చీల్చి ఒకవైపు అమ్మ చెయ్యి, ఇంకోవైపు యంత్రం పెట్టింది. యంత్రానికి లీనియర్ (వేగం మారని) కీఫ్రేములు, లూప్‌అవుట్, ప్రతి చుట్టూ అచ్చం ఒకేలా. యంత్రానికి అలుపు లేదు కాబట్టి అక్కడ అదే నిజం. ఈజింగ్ లేకుండా ఏదీ వదలొద్దని యూట్యూబ్ పాఠాలన్నీ చెబుతాయి. నేను ఒప్పుకోను. వస్తువు ఎలా కదులుతుందో అలా వదలాలి.

రంగు

నాయిన మాట ఇంకా పెద్ద మరమ్మతు కోరింది. వాళ్లు నేసేది ఇక్కత్. అందులో డిజైన్ బట్ట మీదికి రాదు, నేయకముందే పోగులో ఉంటుంది. తెల్లగా ఉండాల్సిన చోట పోగుల కట్టను రబ్బరుతో బిగించి కడతారు, సైకిల్ ట్యూబు కోసిన ముక్కలతో. ఎరుపులో ముంచుతారు. ఎరుపు నిలవాల్సిన చోట మళ్లీ కట్టి నలుపులో ముంచుతారు. విప్పాక కండెలకు చుట్టి నేస్తారు. వాళ్లింట్లో ఆ డిజైనుకు పాటించే వరస ఇది. ఆ ప్రాంతపు ఇక్కత్ బట్ట తేలియా రుమాలుకు 2020లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, ఎరుపు, నలుపు, తెలుపే దాని ప్రాణం.

అంటే మాస్కుతో డిజైన్ పరచడం అబద్ధం. పోగు పోగుగా ఒక్కో వరస వచ్చి కూర్చోవాలి, అన్నీ పడ్డాకే పువ్వు కనబడాలి. ఆమె డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీద నాయినతోనే గీయించింది, ఎట్లాగూ వాళ్లు అలాగే గీస్తారు. దాన్ని 120 వరసలుగా కోసి ఒక్కో వరసను ఒక్కో లేయర్ చేసింది. బాగా వచ్చింది, కానీ పువ్వు అంచు కత్తితో కోసినట్టు ఉంది. ఇక్కత్ అంచు అలా ఉండదు, పేక పోగు, అంటే అడ్డంగా నేసే పోగు, ప్రతిసారీ వెంట్రుకంత అటో ఇటో పడుతుంది, అందుకే ఆ చెదిరినట్టుండే అంచు. మొదట విగిల్ (స్థానాన్ని అడ్డదిడ్డంగా కదిలించే కోడ్) పెట్టింది, ప్రతి ఫ్రేముకూ వరసలన్నీ వణికాయి, టీవీ పాడైనట్టుంది. సీడ్‌ర్యాండమ్ అనే ఇంకో కోడ్‌లో రెండో విలువ ట్రూ అని ఇవ్వమన్నాను. అలా ఇస్తే ప్రతి లేయర్‌కూ ఒక స్థానం దొరుకుతుంది, ఆ తర్వాత కదలదు. మూడు పిక్సెళ్ల తేడా ఇచ్చాం. వీడియో కాల్‌లో చూసి నాయిన "ఆఁ, గిట్ల" అన్నాడట. అంతే, ఇంకేమీ అనలేదు.

అక్షరాలు

ఇది చిన్న భాగమే గానీ తెలుగులో మోషన్ గ్రాఫిక్స్ చేసే ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది. పుట్టపాక అన్న పేరు ఒక్కో అక్షరంగా రావాలనుకుంది. ట్ట కింద ఒత్తు విడిగా ఎగిరివచ్చింది, పు లోంచి కొమ్ము ఊడింది. సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఆ పేరు ఎనిమిది ముక్కలు, మన దృష్టిలో నాలుగక్షరాలు. టెక్స్ట్ ఇంజిన్ సెట్టింగు మారిస్తే ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి, అక్షరం అక్షరంగా యానిమేట్ చేసినప్పుడు మాత్రం మళ్లీ నమ్మకం లేదు. మేం చేసింది ఇది: ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో రాసి, గీతలుగా మార్చి, పు, ట్ట, పా, క అని నాలుగు గుంపులు కట్టి తెచ్చుకున్నాం. టైటిల్‌కు రామభద్ర, చిన్న పేర్లకు మండలి, రెండూ ఉచితమే. ఇంగ్లిష్ పంక్తులకు ఇచ్చే ఎడం తెలుగుకు చాలదు, పై పంక్తి ఒత్తులు కింది పంక్తి గుడులకు తగులుతాయి, కాబట్టి ఎడం పెంచాలి.

ఎరుపు ఎక్కడ పోయింది

మార్చి చివర్లో కాలేజీ హాల్లో రిహార్సల్ వేశాం. ల్యాప్‌టాప్‌లో నిప్పులా ఉన్న సన్నటి ఎరుపు గీతలు ప్రొజెక్టర్ మీద మట్టిరంగులో అలికినట్టు కనబడ్డాయి. ఆ అమ్మాయి ఏడ్చేసింది. ప్రొజెక్టర్ పాతదని అందరూ అన్నారు. కొంత నిజమే, కానీ ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చి నా మానిటర్ మీద 400 శాతం పెంచి చూస్తే అక్కడా అదే మట్టి.

కారణం ఇది. మామూలు ఎంపీ4లో 4:2:0 పద్ధతిలో రంగును దాస్తారు. వెలుతురు వివరం ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది, రంగు వివరం నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కటే. మామూలు బొమ్మల్లో ఇది కంటికి తెలియదు. కానీ హెచ్‌డీ లెక్కలో వెలుతురులో ఎరుపు వాటా 21 శాతమే, ఆకుపచ్చది 72, నీలానిది 7. నలుపు మీద ఎరుపు గీత అంటే దాని వివరమంతా దాదాపు రంగులోనే ఉంది, ఆ రంగునే మనం నాలుగో వంతుకు తగ్గించేశాం. ఆమె గీత ఒక పిక్సెల్ మందం. ఇంకేం మిగులుతుంది?

రెండు పనులు చేశాం. గీతల మందం కనీసం నాలుగు పిక్సెళ్లకు పెంచాం, అందుకోసం డిజైన్‌ను దగ్గరగా చూపించాల్సి వచ్చింది, మొత్తం చీర కనిపించే షాట్ ఒకటి తీసేయాల్సి వచ్చింది, ఆ షాట్ అంటే ఆమెకు చాలా ఇష్టం. జ్యూరీకి ప్రోరెస్ 4444 (రంగు వివరం తగ్గించని పద్ధతి) ఫైలు వేరుగా ఇచ్చాం. ఫోన్లకు, యూట్యూబ్‌కు ఎంపీ4 తప్పదు, గీతలు మందమయ్యాయి కాబట్టి అందులోనూ ఎరుపు నిలిచింది. ఈ పరీక్ష మొదటి వారంలోనే చేయించి ఉండాల్సింది. రెండు నెలలు సన్న గీతలతో పని చేయనిచ్చింది నేనే, ఆ తప్పు నాదే.

రెండర్, జ్యూరీ

ఆమెది 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. ఫైనల్ రెండర్ (ఫ్రేములన్నిటినీ కంప్యూటర్‌తో తుది బొమ్మలుగా తీయించడం) ఊళ్లోనే పెట్టింది, కరెంటు రెండుసార్లు పోయింది. ముందే పీఎన్‌జీ వరసగా, అంటే ఒక్కో ఫ్రేమును ఒక్కో బొమ్మ ఫైలుగా, రెండర్ చేయమని చెప్పాను కాబట్టి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మళ్లీ మొదలైంది. నేరుగా ఒకే వీడియో ఫైలుగా తీసి ఉంటే మొదటి నుంచి చేయాల్సి వచ్చేది. పిల్లలకు ఇది ఎన్నిసార్లు చెప్పినా చాలదు.

మగ్గం మీద నేసే భాగం బాగా రాలేదు. నాడె (పేక పోగును అటూ ఇటూ తీసుకెళ్లే సాధనం) వేగం కొలిచే టైం దొరకలేదు, అంచనాతో చేసింది, అది అంచనాలాగే కనబడుతోంది. సంగీతం కూడా అంతే, ఉచితంగా దొరికింది పెట్టింది. నేను అయితే మగ్గం చప్పుడే పెట్టేవాణ్ని, ఆమె ఒప్పుకోలేదు, సినిమా ఆమెది.

జ్యూరీలో బయటి ఎగ్జామినర్ ఒకే ప్రశ్న మీద నిలబడ్డారు, చెయ్యి టైమింగ్ ఎక్కడి నుంచి తెచ్చావని. ఆమె గ్రాఫ్ ఎడిటర్ (సాఫ్ట్‌వేర్‌లో కదలిక వేగాన్ని గీతగా చూపే చోటు) తెరవలేదు. అమ్మ వీడియో వేసింది, పక్కన స్టాప్‌వాచ్, 40 చుట్లు మొత్తం ఆగకుండా. 70 సెకన్లు హాల్లో ఎవరూ మాట్లాడలేదు. మార్కుల సంగతి అలా ఉంచితే, నాకు ఆ 70 సెకన్లు చాలు.

తర్వాత పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్లి టీవీలో వేసింది. అమ్మ రెండుసార్లు చూసిందట. "మంచిగుంది. గని పోగు తెగితే ఏం జేస్తరో పెట్టలే" అందట. నిజమే, పెట్టలేదు. రోజుకు ఎన్నిసార్లు తెగుతుందో, ఎన్నిసార్లు ముడి వేస్తారో, సినిమాలో ఒక్కసారి కూడా లేదు.

ఇప్పుడు ఆ షాట్ మీద ఉంది. డిగ్రీ అయిపోయింది, ఒక స్టూడియోలో రోటో పని (వీడియోలో మనుషులను, వస్తువులను ఫ్రేము ఫ్రేముకూ గీసి విడదీయడం) దొరికింది, రాత్రిళ్లు ఇది చేస్తోంది. మొన్న ఆదివారం వీడియో పంపింది. ముడి పడటానికి రెండున్నర సెకన్లు. బొటనవేలు కొసను లోపలికి నెట్టేది ఏ ఫ్రేములోనో మాత్రం తేలడం లేదు, 30 ఫ్రేముల వీడియోలో వేలు చెదిరిపోతోంది. 120లో పెట్టి, కిటికీ వెలుతురులో మళ్లీ తీయమన్నాను.